జాగ్రత్త: చివరి పేజీలు లేని నకిలీ నవల అంటగట్టి, అడిగితే నవ్వారు

ఆన్‌లైన్‌లో పుస్తకాలు అమ్మే ఆ పేజీ పేరు ఇక్కడ రాయడం లేదు. శ్రీకాకుళం, విజయనగరంలో ఇంగ్లీషు నవలలు ఫోన్లో ఆర్డర్ పెట్టుకునే పిల్లలకీ, వాళ్ల తరఫున డబ్బు కట్టే ఇంటివాళ్లకీ అదేదో తెలుసు. రోజూ స్టేటస్‌లో కొత్త అట్టల ఫోటోలు, పక్కనే 'ఇంపోర్టెడ్ ఒరిజినల్' అని ఎర్ర అక్షరాలు. వాళ్ల దగ్గర ఏదైనా కొనబోతుంటే ముందు ఇది చదవండి. రాత్రి నుంచీ నా కోపం దిగలేదు. రాసింది వరసగా లేకపోతే ఏమీ అనుకోకండి.

మా అక్క కూతురు టెక్కలిలో ఇంటర్ చదువుతోంది. సంక్రాంతికి పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బు దాచుకుని ఒక నవల కావాలంది. స్టీమ్‌పంక్ ప్రేమకథ, అందులో జాంబీలు. గట్టి అట్ట పుస్తకం తొమ్మిది వందలు. ఒరిజినలేనా అని ఆ పేజీవాడిని అడిగాను. "హండ్రెడ్ పర్సెంట్ మేడమ్, లండన్ ప్రింట్" అన్నాడు. డబ్బు పంపాను, పార్సిల్ వచ్చింది, పిల్ల ఆ సాయంత్రమే చదవడం మొదలుపెట్టింది.

స్టీమ్‌పంక్ అంటే ఏమిటని మా అక్క కూడా అడిగింది కాబట్టి చెబుతున్నాను. విక్టోరియా రాణి ఏలిన కాలం ఉంది చూడండి, 1837 నుంచి 1901 దాకా, ఆనాటి గౌన్లు, టోపీలు, మర్యాదలు, బొగ్గుతో నడిచే యంత్రాలు తీసుకుని, లోకమంతా ఆవిరి మీదే నడిస్తే ఎలా ఉంటుందో ఊహించి రాసే కథలు. ఇలాంటివి ముందు నుంచీ ఉన్నా ఆ పేరు పెట్టింది మాత్రం కె. డబ్ల్యూ. జీటర్ అనే అమెరికా రచయిత, 1987లో ఒక పత్రికకి రాసిన ఉత్తరంలో.

ఈ నవలలో అమ్మాయి గొప్పింటి పిల్ల. అబ్బాయి సిపాయి, కథ మొదలయ్యేసరికే చచ్చిపోయి జాంబీగా లేచినవాడు. మాట, జ్ఞాపకం, ప్రేమ అన్నీ ఉన్నాయి, శరీరం మాత్రం రోజురోజుకీ పాడైపోతుంటుంది. ఒక అధ్యాయంలో వేళ్లు పట్టు తప్పుతాయి, ఇంకో దాంట్లో చూపు మందగిస్తుంది. ఆఖరిదాకా అతను అతనిగానే ఉంటాడా, ఆకలికి లొంగిపోయి ఆ పిల్లనే కరుస్తాడా అన్నదే కథంతా. అలాంటి పుస్తకానికి ముగింపు ఎంత ముఖ్యమో నేను వేరే చెప్పక్కర్లేదు.

పిల్ల రోజూ రాత్రి ఫోన్ చేసి, చదివినంతవరకు మా నాన్నకి చెప్పేది. ఆయనకి ఇంగ్లీషు నవలలు తెలియవు గానీ బొగ్గింజను బాగా తెలుసు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలుమార్గం ఉండేది కదా, చిన్నప్పుడు ఆ బండిలో తిరిగిన మనిషి. కథలో బాయిలర్ పేలితే, "నీళ్లు తగ్గనిచ్చి ఉంటారమ్మా, అందుకే పేలింది" అని మనవరాలికి వివరించాడు. తరవాత పేజీల్లో అదే కారణం అని తేలేసరికి ఇద్దరికీ ఎంత సంబరమో. అప్పట్నుంచి రాత్రి భోజనం కాగానే "ఆ కుర్రోడు ఏటయ్యాడే?" అని ఆయనే ముందు అడిగేవాడు.

మొన్న ఆ పిల్ల ఏడుస్తూ ఫోన్ చేసింది. 384వ పేజీలో అమ్మాయి కొన ఊపిరితో ఉన్న అబ్బాయి దగ్గరికి పరుగెత్తుకుని వస్తుంది, తలుపు తీస్తుంది. ఆ పక్క పేజీ చూస్తే మళ్లీ ఒకటో పేజీ. మొదటి అధ్యాయం, మొదటి వాక్యం. అక్కడి నుంచి పదహారో పేజీ దాకా ఉంది, ఆ తరవాత అట్ట. "పిన్నీ, నేనే తప్పు తిప్పానేమో అని అన్నీ మళ్లీ చూశాను" అంది. ఆ మాట వింటే నాకు కడుపులో తిప్పేసింది. వాళ్లు చేసిన మోసానికి ఈ పిల్ల తనని తాను అనుమానించుకుంది.

పుస్తకాలు పేజీ పేజీగా అచ్చు కావు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు కలిపి అచ్చేసి మడుస్తారు, దాన్ని ఫారం అంటారు. ఇరవై నాలుగు ఫారాలు సరిగ్గా పెట్టి, ఇరవై ఐదోది దొరక్కపోయేసరికి మొదటి ఫారమే ఇంకోసారి అంటించేశారు. మందం సరిపోయింది, చూస్తే ఎవరికీ తెలియదు. పుస్తకం తెప్పించుకుని చూశాను. అక్షరాలు జిరాక్స్‌లా మసక, ఒక పక్క మార్జిను వంకర. వెనక అట్ట మీద ఉన్న ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఒకటి, లోపలి పేజీలో ఉన్నది ఇంకొకటి. గట్టి అట్ట ప్రతికీ పేపర్‌బ్యాక్‌కీ నంబర్లు వేరుగా ఉంటాయి. అంటే పేపర్‌బ్యాక్‌కి కాపీ తీసి, దానికి గట్టి అట్ట ప్రతి బొమ్మ తొడిగారు. రాసిన మనిషికి ఇందులో ఒక్క రూపాయి వెళ్లదు.

ఇంతవరకు అయితే డబ్బు వెనక్కి తీసుకుని ఊరుకునేదాన్ని. ఫోటోలు పెట్టి, మర్యాదగా, "చివరి ఫారం లేదండీ, సరైన ప్రతి పంపండి, లేదా డబ్బు తిరిగి ఇవ్వండి" అని రాశాను. సమాధానంగా వాయిస్ మెసేజ్ వచ్చింది. అది ఇంకా నా ఫోన్లో ఉంది.

"మేడమ్, సచ్చినోడి లవ్ స్టోరీకి ఎండింగ్ ఏటి మేడమ్? ఆడు ముందే సచ్చిపోనాడు కదా." వెనక ఇంకెవరో నవ్వు. "ఇంటర్ సదివే ఆడపిల్లకి ఇలాటి పుస్తకాలెందుకు? ఎంసెట్ గైడు తీసుకోండి, తగ్గించి ఇస్తాను."

ఆ పిల్లని మీరు ఎరగరు. దాచుకున్న డబ్బుతో తనకి నచ్చిన పుస్తకం కొనుక్కుని, పరాయి భాషలో నాలుగు వందల పేజీల కథని తాతకి తెలుగులో చెబుతున్న పిల్ల. ఏ పుస్తకం చదవాలో ఆ పిల్లకి చెప్పే హక్కు వాళ్లకి ఎవరిచ్చారు? అదే పుస్తకాన్ని అంతకు ముందు 'మస్ట్ రీడ్' అని స్టేటస్ పెట్టి అమ్మింది వాళ్లే. డబ్బు తీసుకునేటప్పుడు ఆడపిల్ల అని గుర్తు రాలేదా? ఈ మాటే రాశాను. వెంటనే బ్లాక్ చేశారు.

కథకులు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997లో కథానిలయం పెట్టి, తెలుగు కథ ఎక్కడ దొరికినా తెచ్చి భద్రం చేసిన ఊరు మన శ్రీకాకుళం. అచ్చయిన ఒక్క కథ కూడా పోకూడదని ఆయన తపించారు. అదే ఊళ్లో కూర్చుని, ముగింపు లేని కథ అమ్మి, అడిగితే ఆ పిల్లని తలుచుకుని నవ్వడం నేను భరించలేను.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని 2020 నుంచి నియమం ఉంది. దొంగ అచ్చు కాపీరైట్ చట్టం కింద నేరం కూడా, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. మీకూ ఇలాంటి ప్రతి వచ్చి ఉంటే మీరూ ఫిర్యాదు ఇవ్వండి, ఒక్కరు అడిగితే పట్టించుకోరు. కొనేముందు కాపీరైట్ పేజీ, వెనక అట్ట, ఆఖరి పేజీ ఫోటోలు పంపమనండి, పంపకపోతే కొనకండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. పేజీ నంబర్లు చివరిదాకా తిప్పి చూడండి.

ఈ వర్ణనని బట్టి ఆ నవల ఏదో పోల్చుకున్నవాళ్లు, అసలు ప్రతి మీ దగ్గర ఉంటే రెండు రోజులకి ఇవ్వగలరా? ఆమదాలవలస స్టేషన్‌కైనా, విజయనగరం బస్సుల కాంప్లెక్స్‌కైనా నేనే వచ్చి తీసుకుంటాను, జాగ్రత్తగా తిరిగి ఇస్తాను. మా నాన్న రాత్రి కూడా ఆ కుర్రోడి గురించి అడిగాడు.