ఇంటర్నెట్ అంతంతమాత్రంగా ఉన్న ఇంట్లో ఫ్రెంచ్ చదువు: మేం వాడి చూసినవి

మేముండేది పశ్చిమ కాన్సస్‌లో, గార్డెన్ సిటీకి గంట దూరంలో. మా వారు డాక్టరు. డాక్టర్లు తక్కువగా ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలన్న వీసా షరతు మీద ఇక్కడికొచ్చాం. ఇల్లు ఊరికి ఆరు మైళ్ల అవతల, చుట్టూ గోధుమ చేలు. కేబుల్ లేదు, ఫైబర్ లేదు. కప్పు మీదున్న శాటిలైట్ డిష్షే దిక్కు. నెలకు 50 జీబీ ఇస్తారు, అది దాటితే స్పీడు పడిపోతుంది. అందులో సగం మా వారి హాస్పిటల్ పనికే సరిపోతుంది. పన్నెండేళ్ల మా పాపకి ఇంట్లోనే చదువు చెబుతున్నాను కాబట్టి మిగిలిన సగంలోనే నేను సర్దుకోవాలి.

స్పానిష్ కాకుండా ఫ్రెంచ్ ఎందుకని ఇక్కడ చాలామంది అడుగుతారు. మా అమ్మమ్మ చెల్లెలు పుట్టింది యానాంలో. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. ఆవిడ అక్కడి ఫ్రెంచి బడిలో చదువుకుని, పెళ్లయ్యాక ఫ్రాన్స్ వెళ్లి, ఇప్పుడు పారిస్ శివార్లలో ఉంటున్నారు. ఆవిడ మనవలకి తెలుగు రాదు, మా పాపకి ఫ్రెంచ్ రాదు. పోయిన వేసవిలో కాకినాడలో ఒక పెళ్లిలో కలిసినప్పుడు పిల్లలంతా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటూ కూర్చున్నారు. తిరిగొచ్చాక పాపే అడిగింది, "అమ్మా, నేను ఫ్రెంచ్ నేర్చుకుంటా" అని.

మొదట లైవ్ క్లాసులో చేర్పించాను. ఆ సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు, ఎంచుకున్న నాది. మా శాటిలైట్ భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల పైన ఉంటుంది. మన మాట అక్కడిదాకా వెళ్లి, కిందికి దిగి, జవాబు అదే దారిలో తిరిగి రావాలంటే అర సెకను దాటుతుంది. లెక్కల క్లాసులో ఇది తెలియదు. భాష క్లాసులో మాత్రం ప్రాణం తీస్తుంది. టీచరు ఒక మాట అని, నా వెనకే అనమంటారు. పాప అంటుంది. ఆ మాట అక్కడికి చేరేసరికి టీచరు ఇంకో మాటకి వెళ్లిపోతారు. మిగతా పిల్లల గొంతులు ఒకదాని మీద ఒకటి పడేవి. మూడో వారంలో బొమ్మ ఆగిపోయి, పాప ఒక్కతే "బోంజూర్, బోంజూర్" అంటూ ఉండిపోయింది. లాప్‌టాప్ మూసేసి లోపలికి వెళ్లి ఏడ్చింది. ఆ రోజే మాన్పించాను.

తర్వాత ఆటలా నేర్పే యాప్ ఒకటి కొన్నాను. నెట్ లేకపోయినా పనిచేస్తుందని రాసి ఉంది. పనిచేసేది నాలుగైదు పాఠాల వరకే. మైకులో పలికి చూసుకునే భాగానికి నెట్ ఉండాల్సిందే. జనవరిలో మంచు తుఫాను వచ్చి రెండు రోజులు లైను పోయినప్పుడు, యాప్ తెరిస్తే మళ్లీ లాగిన్ అవ్వమంది. డబ్బులు కట్టిన చదువుకి తాళం వేరేవాళ్ల దగ్గర ఉన్నట్టనిపించింది.

అప్పుడు కూర్చుని లెక్క వేశాను. హెచ్‌డీ వీడియో గంట చూస్తే సుమారు 3 జీబీ ఖర్చవుతుంది. మామూలు ఎంపీ3 ఆడియో నిమిషానికి 1 ఎంబీ. అంటే అరగంట పాఠం 30 ఎంబీ, అలాంటివి ముప్పై పాఠాలు కలిపినా 1 జీబీ దాటదు. అది కూడా ఊళ్లో లైబ్రరీ వైఫైలో దింపుకుంటే మా కోటా నుంచి ఒక్క ఎంబీ కూడా పోదు. అప్పటినుంచి ఏ కోర్సు చూసినా ఒకటే ప్రశ్న వేసుకున్నాను: డిష్ తీగ పీకేస్తే నా టేబుల్ మీద ఏం మిగులుతుంది?

లైబ్రరీలో పిమ్స్‌లర్ ఫ్రెంచ్ సీడీలు దొరికాయి. ఒక లెవెల్లో 30 పాఠాలు, ఒక్కోటి అరగంట. మా కారు పాతది, సీడీ ప్లేయరుంది. గార్డెన్ సిటీకి సరుకులకి వెళ్తే వెళ్లేటప్పుడు రెండు పాఠాలు, వచ్చేటప్పుడు అవే రెండు. ఇందులో ఒక మాట నేర్పి కాసేపాగి అడుగుతారు, మరికొంచెం ఎక్కువసేపు ఆగి ఇంకోసారి అడుగుతారు. పాల్ పిమ్స్‌లర్ 1967లో ఒక పరిశోధన వ్యాసంలో ప్రతిపాదించిన పద్ధతి ఇది. నోరు తిరగడానికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. రోడ్డు మీద కళ్లుంచి నేనూ గట్టిగా పలికేదాన్ని. అమ్మ కూడా నేర్చుకుంటోందంటే పిల్లకి హుషారు వేరు.

కానీ ఫ్రెంచ్‌ని చెవితో మాత్రమే నేర్చుకుంటే సగమే వస్తుంది. "అతను మాట్లాడతాడు", "వాళ్లు మాట్లాడతారు" రెండూ వినడానికి "ఇల్ పార్ల్" అనే ఉంటాయి. రాతలో మాత్రం వేరు, రెండోదానికి చివర పలకని అక్షరాలు చాలా ఉంటాయి. పాపని ఎప్పటికైనా డెల్ఫ్ ఏ1 (ఫ్రెంచ్ ఎంతవచ్చో చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షల్లో మొదటి మెట్టు) పరీక్షకి కూర్చోబెట్టాలని నా ఆశ. అందులో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటికీ తలా 25 మార్కులు. కాబట్టి పుస్తకం కావాలి, ఆ పుస్తకానికి గొంతు ఉండాలి.

అలా వెతికితే దొరికింది అసిమిల్. ఇది 1929లో మొదలైన ఫ్రెంచి ప్రచురణ సంస్థ. ఇంగ్లీషు తెలిసినవాళ్ల కోసం వాళ్లు వేసిన ఫ్రెంచ్ కోర్సు మాది, పాత ఎడిషన్, 113 పాఠాలు. అరచేతిలో పట్టే లావుపాటి పుస్తకం, దానికి ఆడియో. ఎడమ పేజీలో ఫ్రెంచ్ సంభాషణ, కుడి పేజీలో ఇంగ్లీషు, అడుగున వివరణలు. మొదటి పాఠంలోనే పారిస్‌లో మెట్రోకి దారి అడుగుతారు. ప్రతి ఏడో పాఠం అంతకుముందు వారం మొత్తాన్ని మళ్లీ కలిపి చెబుతుంది. రోజుకి అరగంట చాలు. ఆడియో అంతా ఒక చిన్న ఎంపీ3 ప్లేయర్‌లోకి ఎక్కించి పాప చేతికిచ్చాను. దానికి నెట్ లేదు, స్క్రీను మీద వేరే ఆశలు లేవు.

పొద్దున్నే టిఫిన్ అయ్యాక వంటింటి టేబుల్ దగ్గర కూర్చుంటాం. ముందు పుస్తకం మూసి రెండుసార్లు వింటుంది. తర్వాత తెరిచి వేలు పెట్టి చూస్తూ వింటుంది. తర్వాత వాక్యం వాక్యం ఆపుకుంటూ పలుకుతుంది. తెలుగు వచ్చిన పిల్లకి ఇక్కడ ఒక లాభం ఉంది, ఇది నాకు ముందు తెలియదు. ఫ్రెంచిలో టేబుల్‌ని "తాబ్ల్" అంటారు, అచ్చంగా మన "త", నాలుక పళ్లకి తగులుతుంది. "ద" కూడా అంతే. ఇంగ్లీషు "ట", "డ"లు ఒత్తే అలవాటున్న పిల్లలు దీనికి కష్టపడతారట, మా పాపకి రెండు రోజుల్లో వచ్చేసింది.

కష్టపెట్టింది మాత్రం ఒక అచ్చు. "దాని మీద" అనే మాటకీ "దాని కింద" అనే మాటకీ ఫ్రెంచిలో తేడా చివరి అచ్చు ఒక్కటే. కింద అనేదాంట్లో మన "ఊ" ఉంటుంది. మీద అనేదాంట్లో ఉన్న అచ్చు మనకి లేదు. ఎన్నిసార్లు విన్నా పాపకి రెండూ ఒకటే అనిపించేవి. చివరికి నేను "ఈ అని పలుకుతూనే, ఊదుగొట్టంతో పొయ్యి ఊదేటట్టు పెదాలు ముందుకి పెట్టు" అన్నాను. ఊదుగొట్టం అంటే తనకేం తెలుసు! పేపరు చుట్టి చూపించాను. వచ్చింది. ఆ తర్వాత ఆట మొదలైంది: నేను ఒక మాట అంటే చెంచా టేబుల్ మీద పెట్టాలి, ఇంకో మాట అంటే కింద పెట్టాలి. మూడు రోజులకి తప్పు లేకుండా పెట్టింది.

అసిమిల్‌లో నాకు బాగా నచ్చింది యాభయ్యో పాఠం నుంచి మొదలయ్యేది. అప్పటిదాకా వినడం, అర్థం చేసుకోవడం, తిరిగి పలకడం. అక్కణ్ణుంచి రోజూ కొత్త పాఠంతో పాటు మొదటి పాఠం నుంచి ఒక్కొక్కటి వెనక్కి తీసి, ఈసారి ఇంగ్లీషు పేజీ చూసి ఫ్రెంచిలో చెప్పాలి. ఎడమ పేజీ మీద పోస్టుకార్డు అడ్డం పెట్టుకుంటుంది. ఇంగ్లీషులో "యు" అని ఉన్నచోట మా పాప ఆగిపోయేది. "అమ్మా, ఇది నువ్వా, మీరా?" అని అడిగేది. ఫ్రెంచిలో నువ్వు వేరు, మీరు వేరు: త్యు, వూ. దాంతో నేను ఇంగ్లీషు పేజీ పక్కన పెట్టి, తెలుగులోకి మార్చి అడగడం మొదలుపెట్టాను. "క్షమించండమ్మా, స్టేషన్ ఎక్కడుందో చెబుతారా?" అంటే వెంటనే "వూ" పెట్టి చెబుతుంది. ఎవరితో మీరు అనాలో ఈ పిల్లకి విడిగా నేర్పక్కర్లేదు. అది మా అమ్మ పెంపకంలో ఎప్పుడో వచ్చేసింది.

ఇది పన్నెండేళ్ల పిల్లల కోసం రాసిన పుస్తకం కాదు. సంభాషణల్లో అద్దె ఇళ్లు, ఉద్యోగాలు, రెస్టారెంట్లు ఉంటాయి. రాత అభ్యాసాలు తక్కువ, మన తప్పు దిద్దే మనిషి ఉండరు. పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలి. పిల్లని ఒంటరిగా వదిలేసి చేయించే కోర్సు కావాలంటే ఇది కొనకండి.

వ్యాకరణం కోసం ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ వాళ్ల ఫ్రాన్సే ఇంటరాక్టిఫ్ వాడుతున్నాం. ఉచితం. పుస్తకం పీడీఎఫ్ లైబ్రరీలో దింపి, కావలసిన పేజీలు అక్కడే ప్రింట్ తీసుకున్నాను. కాలేజీ విద్యార్థుల కోసం రాసింది కాబట్టి అంతా చేయించను. క్రియల పట్టికలు, అభ్యాసాలు మాత్రం తీసుకుంటాను. వాళ్ల వ్యాకరణం సైట్‌లో టెక్స్ అనే ఆర్మడిల్లో ఉంటుంది, మా రోడ్డు మీద అప్పుడప్పుడు కనిపించే జంతువే. ఆ పేజీలంటే పాపకి ఎంతిష్టమో!

ఇక దిద్దే మనిషి. ఆదివారం పొద్దున మామూలు ఫోన్ కాల్, వీడియో లేకుండా. మాకంటే పారిస్ ఏడు గంటలు ముందు, వాళ్ల భోజనాలు అయిపోయి ఉంటాయి. చిన్నమ్మమ్మ పదిహేను నిమిషాలు పాపతో ఫ్రెంచిలోనే మాట్లాడతారు. తప్పు పలికితే "కాదమ్మా, మళ్లీ అను" అని తెలుగులో ఆపుతారు. ఇలాంటి బంధువు అందరికీ ఉండరని తెలుసు. అలాంటప్పుడు వారానికి ఒక్కసారి ఫోన్లో మాట్లాడే టీచర్‌ని కుదుర్చుకుంటే చాలు. రోజూ క్లాసు అక్కర్లేదు.

మీ ఇంట్లోనూ నెట్ ఇలాగే ఉంటే, కొనేముందు అమ్మేవాళ్లని ఒకటి అడగండి. ఆడియో ఫైళ్లు మన చేతికొస్తాయా, లేక వాళ్ల యాప్‌లోనే వినాలా? యాప్ అయితే ఒక్కసారి లాగిన్ అయ్యాక ఎన్నాళ్లు నెట్ లేకుండా నడుస్తుందో రాతపూర్వకంగా చెప్పమనండి. జవాబు సూటిగా రాకపోతే వదిలేయండి.

మా పాప ఇప్పుడు 61వ పాఠంలో ఉంది, వెనక్కి 12వ పాఠం చెబుతోంది. తర్వాతి మెట్టుకి ఆర్ఎఫ్ఐ అనే ఫ్రాన్స్ రేడియోవాళ్ల తేలిక ఫ్రెంచి వార్తలు అనుకుంటున్నాను, రోజుకి పది నిమిషాలే. మంగళవారాలు మా లైబ్రరీ రాత్రి ఎనిమిది దాకా తెరిచి ఉంటుంది, ఈ వారం వెళ్లినప్పుడు ఒక పది రోజులవి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకొస్తాను.