పాత క్లాస్‌మేట్స్‌ని వెతకడానికి నాలుగేళ్లు వాడాక: ఆ రిక్వెస్ట్స్ ఫోల్డర్‌ని మాత్రం క్షమించలేను

మా 1998 టెన్త్ బ్యాచ్ రీయూనియన్ కోసం మనుషుల్ని వెతికే పని నామీద పడి నాలుగేళ్లయింది. ఎక్కువగా వాడింది మాలో చాలామందికి అకౌంట్ ఉన్న ఓ సోషల్ మీడియా సైటునే. అదెలా పనిచేస్తుందో మీకు తెలుసు, నేను చెప్పేది దాని మెసేజ్ రిక్వెస్ట్స్ ఫోల్డర్ గురించి, అంటే ఫ్రెండ్ కానివాళ్లు రాసిన మెసేజ్‌లు మామూలు ఇన్‌బాక్స్‌లోకి రాకుండా వెళ్లి పడే చోటు.

క్లాసులో మొత్తం 43 మందిమి. ఆరు నుంచి టెన్త్ దాకా నా పక్కనే కూర్చున్నవాడి ప్రొఫైల్ మొదటి నెలలోనే దొరికింది. జుట్టు పలచబడింది గానీ నవ్వు అదే. అంత సంతోషం మళ్లీ ఎవరు దొరికినా కలగలేదు. పెద్ద మెసేజ్ రాశాను, నా నంబరూ ఇచ్చాను. జవాబు లేదు. నెల ఆగి ఇంకోటి రాశాను. వెళ్లినట్టు చూపిస్తుంది, చదివాడో లేదో తెలియదు. మూడోసారి రాయడానికి మనసొప్పక, లిస్టులో వాడి పేరు పక్కన ‘ఆసక్తి లేదు’ అని రాసేశాను. రీయూనియన్‌కి 31 మంది వచ్చారు. వాడు రాలేదు.

ఏడాదిన్నర తర్వాత మా టెన్త్ గ్రూప్ ఫొటో స్కాన్ చేసి, ఒక్కొక్కరికీ నంబరు వేసి పెట్టాను. దాని కింద ఎవరో ఒకావిడ, “17వ నంబరు మా తమ్ముడే, వాడికి చెప్తానుండండి” అని రాసింది. ఆ రాత్రే ఫోన్ చేశాడు. “ఒరేయ్, మీరంతా నన్ను మర్చిపోయారనుకున్నానురా” అన్నాడు. రీయూనియన్ ఫొటోలు ఎవరో షేర్ చేస్తే చూశాడట, పిలవని చోటికి మనమే వెళ్లి పలకరించడమేంటని ఊరుకున్నాడట. ఫోన్‌లో ఉండగానే ఆ ఫోల్డర్ తెరవమన్నాను. నావి రెండు, ఇంకో ఇద్దరు క్లాస్‌మేట్స్ రాసినవి రెండు, నాలుగూ అక్కడే పడి ఉన్నాయి. మొదటిది చదవడం మొదలుపెట్టి సగంలో ఆగిపోయాడు. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

ఫ్రెండ్ కానివాళ్ల మెసేజ్‌లు పక్కన పెట్టడం ఎందుకో నాకు తెలుసు. స్పామ్ బెడద ఉంది, ఆడవాళ్లకైతే ముక్కూమొహం తెలియనివాళ్లు రాసేవి మరీ ఎక్కువ. అది కాదనను. కానీ ఇద్దరి ప్రొఫైల్‌లోనూ అదే స్కూలు, అదే ఏడాది ఉన్నప్పుడు, మీకో మెసేజ్ వచ్చి ఉందని ఒక్కసారి గట్టిగా చెప్తే ఏం పోయేది?

పేరు కొడితే చాలు మనిషి దొరుకుతాడని, ఒక్క నెలలో 19 మందిని పట్టానని అప్పట్లో మా గ్రూపులో తెగ మెచ్చుకుంటూ రాశాను. ఇప్పుడు లిస్టు మళ్లీ చూస్తే అందులో 16 మంది అప్పటికే మాలో ఎవరో ఒకరికి ఫ్రెండ్సే. పేరుతో వెతికి పట్టింది ముగ్గురినే. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినవాళ్లు, పేరుకి ఇంగ్లీషు స్పెల్లింగు ఇంకోలా రాసుకునేవాళ్లు, తమ ఫొటో బదులు పిల్లల ఫొటో పెట్టుకున్నవాళ్లు ఆ సెర్చ్‌కి దొరకరు. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా పడతారు, నిజమే, కానీ చేర్చాలంటే ముందు నంబరో, లింకు పంపే దారో ఉండాలి కదా.

ఇంతకీ మనుషుల్ని వెతకడానికి ఆ సైటు వాడొచ్చా అంటే, మాలాంటి చిన్న క్లాసుకి, అన్నలు అక్కలు చెల్లెళ్లు కూడా అదే స్కూల్లో చదివినవాళ్లకి నంబర్లు వేసిన ఆ ఫొటో బాగా పనికొచ్చింది. పెద్ద కాలేజీ బ్యాచ్‌కి ఇలాగే జరుగుతుందని చెప్పలేను. తన మొహం నలుగురికీ కనపడటం ఇష్టం లేదని ఒకామె చెబితే వెంటనే ఆ ఫొటో తీసేసి, ఆమె కనపడకుండా కత్తిరించి మళ్లీ పెట్టాను, అది ముందే అడగాల్సింది.

లిస్టులో ఇంకా ఏడుగురు మిగిలారు. ‘ఆసక్తి లేదు’ అని రాసిన ఇంకో రెండు పేర్ల పక్కన ఆ మాట కొట్టేశాను. వాళ్ల తోబుట్టువుల కోసం వెతుకుతున్నాను.