అనాన్, ప్రెజెంట్లీ: ఏది ఎప్పుడు?

గుంటూరు కాలేజీలో షేక్స్‌పియర్ నాటకం తెరిచిన విద్యార్థికి ‘అనాన్’ (anon) అనే ఇంగ్లీషు మాట ఎదురవుతుంది. బెజవాడలో ఉద్యోగానికి రెజ్యూమె రాసే కుర్రాడు ‘ప్రెజెంట్లీ వర్కింగ్’ అని మొదలుపెడతాడు. ఒకటి పాతబడింది, ఇంకోటి వాడుకలో ఉంది. అయినా రెండింటి కథా ఒకేలా నడిచింది.

పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాటలోంచి పుట్టిన అనాన్‌కు మొదట ‘వెంటనే’ అనే అర్థం. తర్వాత అది ‘కాసేపట్లో’కి జారింది. ‘సూన్’ కూడా ఒకప్పుడు ‘తక్షణం’ అన్న మాటే. ‘ఇదిగో, ఇప్పుడే వస్తా’ అని మన ఇళ్లలో చెప్పే మాటలోనూ ఆ ‘ఇప్పుడే’ ఇలాగే సాగుతుంది. మనుషులు ఆలస్యం చేసేకొద్దీ మాట అర్థం వదులవడం నాకు భాషలో అన్నిటికన్నా ఇష్టమైన విషయం.

ప్రెజెంట్లీ కూడా ‘తక్షణం’ నుంచి ‘కాసేపట్లో’కి వచ్చింది. కానీ దీనికి ‘ప్రస్తుతం’ అనే అర్థం కూడా ఉంది, అదీ పాతదే. స్కాట్లాండ్, అమెరికాల్లో అది నిలిచింది. మన దగ్గర ఎక్కువగా వినిపించేదీ అదే. ఏ అర్థమో క్రియ చెబుతుంది: ‘షి విల్ కమ్ ప్రెజెంట్లీ’ అంటే కాసేపట్లో వస్తుంది, ‘షి ఈజ్ ప్రెజెంట్లీ ఇన్ గుంటూరు’ అంటే ప్రస్తుతం గుంటూరులో ఉంది.

రెజ్యూమెలో ప్రెజెంట్లీ తప్పు కాదు. అయినా నేనైతే ‘కరెంట్లీ’ రాయమంటాను, ఎవరికీ సందేహం రాదు. అనాన్‌ను మాత్రం చదివి ఆనందించండి, ఆఫీసు ఉత్తరాల్లో వద్దు. పైగా ఇప్పుడు ఇంటర్నెట్‌లో అనాన్ అంటే పేరు చెప్పని మనిషి.