దొరువు నీళ్లు, అలివి వల: పాకల తీరంలో నాలుగు రాత్రులు

ఒంగోలుకు దక్షిణాన ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న సింగరాయకొండ వద్ద జాతీయ రహదారిని విడిచి తూర్పుకు తిరిగి, బకింగ్‌హాం కాలువ దాటితే, ఇక సముద్రం వరకు ఇసుకే. మే రెండో వారంలో, కృత్తిక కార్తె ఎండల్లో, నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, డెబ్బై దాటిన మా అత్తగారు కలిసి పాకలకు కొద్ది దూరంలో ఉన్న ఒక చిన్న పాలెంలో నాలుగు రాత్రులు బస చేశాము. ఊరి పేరు రాయడం లేదు. ఇల్లు అద్దెకిచ్చిన ఆసామి తెలిసినవారి ద్వారా వచ్చినవారికి తప్ప ఇవ్వరు; పేరు బయటపెట్టవద్దని రెండుసార్లు చెప్పి మరీ తాళం చేతిలో పెట్టారు.

ఆ పాలెం నిజానికి రెండు ఊళ్లు. ఉత్తరపు వైపు మత్స్యకారుల ఇళ్లు ఉన్నాయి, అక్కడ ఏడాది పొడుగునా జనం ఉంటారు. దక్షిణపు వైపు ఇసుక దిబ్బ మీద సరుగుడు తోట అంచున ఇరవై దాకా డాబాలు ఉన్నాయి. వాటి యజమానులు ఒంగోలులోనో, కందుకూరులోనో, హైదరాబాదులోనో ఉంటారు. ఉగాది వెళ్లాక ఒక్కొక్క ఇంటి తాళమే తీస్తారు, బడులు తెరిచే నాటికి మళ్లీ వేస్తారు. మేము వెళ్లిన వారంలో ఆ వీధిలో ప్రతి గుమ్మం ముందూ ఒక కారు ఉంది. ఆ వీధిలో ఉన్న ఒకే ఒక చిల్లర దుకాణం కూడా వేసవి దుకాణమే. పాల ప్యాకెట్లు, బిస్కెట్లు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు తప్ప అందులో మరేమీ లేవు.

నీళ్ల క్యాన్ల ప్రస్తావన ముందుగా రావడం యాదృచ్ఛికం కాదు. సముద్రతీరంలో బస చూసేవారు గది నుంచి అలలు కనిపిస్తాయా, ఏసీ ఉందా అని అడుగుతారు. నేను కూడా ఇంతకాలం అవే అడిగాను. ఈ ప్రయాణం తరువాత మాత్రం నేను మొదట అడగబోయేది నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయనే.

మా ఇంటి వెనుక ఒక దొరువు ఉంది. దొరువు అంటే ఇసుక నేలలో నిలువెత్తు లోతు కూడా లేకుండా తవ్వుకున్న వెడల్పాటి గుంట. ఈ తీరానికి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు, నవంబరు నెలల్లో పడతాయి. ఆ వాన నీరు ఇసుకలో ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి కన్నా తేలిక కావడం వల్ల దాని మీద ఒక పొరలా నిలుస్తుంది. దొరువు ఆ పై పొరను మాత్రమే అందుకుంటుంది కాబట్టి, అలలకు రెండు వందల అడుగుల దూరంలో కూడా నీళ్లు తియ్యగా ఉంటాయి. తీపి నీటి మట్టం ఒక అడుగు తగ్గితే కింది ఉప్పునీరు కాలక్రమంలో నలభై అడుగుల దాకా పైకి రాగలదని భూగర్భజల శాస్త్రం చెబుతుంది. అందుకే బిందెతో తోడుకున్న దొరువు ఏళ్ల తరబడి ఉంటుంది, మోటారు పెట్టి లాగిన బోరు మాత్రం కొన్ని వేసవులకే ఉప్పుబారుతుంది.

ఇది నేను పుస్తకాల్లో చదివినదే అయినా, ఆ పాలెంలో నాలుకతో తెలుసుకున్నాను. శుక్రవారం ఉదయం మా దొరువు నీటితో పెట్టిన కాఫీ కాఫీలాగే ఉంది. శని, ఆదివారాల్లో వీధి నిండింది. రెండు వైపులా మోటార్లు రాత్రి పదింటి దాకా ఆగలేదు. సోమవారం ఉదయం కాఫీ నోట్లో పెట్టుకున్న మా అత్తగారు, “ఇందులో ఉప్పెవరేశారమ్మా?” అని మా ఆవిడను అడిగారు. ఎవరూ వేయలేదు. ఆసామి వచ్చి దొరువులోకి తొంగి చూసి, “రెండు రోజులు ఎవురూ తోడకుండా ఉంటే మళ్లీ తియ్యనయితయ్ సార్. కానీ ఈ నెల్లో ఎవురుంటారు తోడకుండా?” అన్నారు. మా పిల్లలు సముద్రంలో మునిగి వచ్చిన ప్రతిసారీ పది నిమిషాల పాటు మంచినీళ్లతో స్నానం చేస్తున్న సంగతి నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. మిగిలిన ఒక్క రోజుకూ మనిషికి రెండు బకెట్లని లెక్క పెట్టుకున్నాము.

ఇల్లు రోజుకు రెండు వేల ఐదు వందలు. రెండు గదులు, వంటిల్లు, వరండా ఉన్నాయి. గ్యాస్ స్టవ్, వంట గిన్నెలు ఇస్తారు. పక్కదుప్పట్లు మనవే తీసుకువెళ్లాలి. ఉప్పుగాలికి ఇనుము నిలవని చోటు కాబట్టి కిటికీ కొక్కేలు, తలుపు బందులు తుప్పు పట్టి ఉన్నాయి. వీధి తలుపు తాళాన్ని కొబ్బరినూనెలో తడిపిన గుడ్డలో చుట్టి ఉంచుతారు. మొదటి రోజు దానిని తెరవడానికి నాకు పావుగంట పట్టింది. ఏసీ లేదు, దాని అవసరం కూడా అంతగా కలగలేదు. మధ్యాహ్నం పన్నెండు దాటాక సముద్రం మీది నుంచి గాలి తిరిగి, రాత్రి దాకా వీస్తూనే ఉంది. మూడో రోజున మాత్రం పడమటి గాడ్పు బలంగా ఉండి, సముద్రపు గాలి మూడింటి దాకా ఒడ్డెక్కలేదు. ఆ కొద్ది గంటల్లో ఒంగోలుకూ ఈ పాలెంకూ తేడా ఏమీ కనిపించలేదు. చిన్నపిల్లలతోనో వృద్ధులతోనో వెళ్లేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

తిండి విషయంలో చాలామంది పొరబడతారు, మేము కూడా పొరబడ్డాము. సముద్రం పక్కనే కదా, వంజరం, చందువ అడిగినంత దొరుకుతాయని అనుకున్నాము. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరపడవల మీద, మోటారు బిగించిన పడవల మీద వేట నిషేధం అమలులో ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని దానికి కారణం. పట్నం జనం ఒడ్డుకు చేరే రోజులు సరిగ్గా పడవలు ఒడ్డెక్కే రోజులే కావడం విడ్డూరంగా ఉంటుంది. పడవలు ఇసుక మీద వరుసగా ఉన్నాయి, వాటి నీడలో మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. ఐసు పెట్టెతో వచ్చిన ఒకావిడ మా ఆవిడ అడగకముందే, “ఇది చెరువు చేపమ్మా, సముద్రం చేప గాదు. ఇప్పుడు వేట ఏడుంది?” అని చెప్పి అమ్మింది. సింగరాయకొండలో మేము భోజనం చేసిన ఒక హోటల్లో మాత్రం అదే చెరువు చేపను సముద్రపు చేపగా చెప్పి, ఆ ధరే తీసుకున్నారు.

మోటారు లేని వేటకు నిషేధం వర్తించదు కనుక, తెల్లవారుజామున అలివి వల లాగుతారు. తెప్ప మీద వలను అర్ధచంద్రాకారంగా వేసుకువచ్చి, రెండు కొసల తాళ్లను ఒడ్డు మీద రెండు బృందాలు పట్టుకుని లాగుతాయి. ఆదివారం ఉదయం మా పెద్దవాడు కూడా తాడు పట్టాడు. గంటన్నర లాగితే వలలో వచ్చినవి రెండు గంపల నెత్తళ్లు, కొన్ని కవళ్లు, ఒక సంచెడు ప్లాస్టిక్ చెత్త. నెత్తళ్లు ఇరవై రూపాయలకు దోసెడు ఇచ్చారు. తాడు పట్టినవాడికని ఇంకో గుప్పెడు వేశారు. ఉలవపాడు నుంచి వస్తూ తెచ్చుకున్న మామిడికాయల్లో పుల్లనివి రెండు ఏరి, వాటి ముక్కలతో మా అత్తగారు పులుసు పెట్టారు. ఈ ప్రయాణంలో మేము తిన్న సముద్రపు చేప అదొక్కటే, దానికి ఏ హోటలు వంటా సాటి రాలేదు.

శనివారం సాయంత్రం కొత్తపట్నం వెళ్లాము. ఒంగోలుకు దగ్గర కావడం వల్ల వేసవి సాయంత్రాల్లో ఊరంతా అక్కడే ఉన్నట్టు ఉంటుంది. మొక్కజొన్న పొత్తులు, బజ్జీలు, తాటి ముంజలు దొరుకుతాయి; కూర్చోవడానికి చోటు మాత్రం వెతుక్కోవాలి. 1937 వేసవిలో ఇక్కడ జరిగిన రాజకీయ పాఠశాలను ప్రభుత్వం నిషేధించి, పోలీసుల చేత చెదరగొట్టించింది. ఆ సంగతి చెబితే మా పిల్లలు, “ఎండాకాలం బడి పెడితే మరి నిషేధించరా?” అన్నారు. ఒంగోలులో దిగి సాయంత్రం వెళ్లి రావడానికి కొత్తపట్నం బాగుంటుంది, రాత్రి బసకు నేను సూచించను.

మైపాడు మేము నిరుడు చూశాము. నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల లోపు, బస్సులు ఉన్నాయి, పర్యాటక శాఖ వారి హరిత రిసార్టు తీరంలోనే ఉంది. సొంత వాహనం లేనివారికి, వండుకునే ఓపిక లేనివారికి మూడింటిలో అదే నయం. ఈ తీరంలోనే మరోచోట ఒక ప్రైవేటు రిసార్టులో మేము దిగిన రాత్రి ఈత కొలనును ట్యాంకరు నీళ్లతో నింపుతూ, గదుల కుళాయిల్లోకి మాత్రం సబ్బు నురగ కూడా రాని ఉప్పునీళ్లు వదిలారు. ఆరు వేలు కట్టి, క్యాను నీళ్లతో ముఖం కడుక్కుని వచ్చాము.

సముద్రంలో దిగే విషయంలో మూడు తీరాలకూ ఒకటే మాట. ఒడ్డు మెత్తగా కనిపించినా, వెనుదిరిగే నీరు కాళ్ల కింది ఇసుకను లాగేసి మనిషిని లోపలికి ఈడుస్తుంది. మోకాలి లోతు దాటవద్దు. మా పాలెంలో కాపలా ఎవరూ లేరు. ఎక్కడ దిగవచ్చో, ఎక్కడ దిగకూడదో మత్స్యకారులే పిలిచి చెప్పారు.

మంగళవారం తెల్లవారాక తాళాన్ని నూనె గుడ్డలో చుట్టి ఆసామికి అప్పగించాను. వచ్చే మే నెలకు ఇప్పుడే మాట ఇవ్వమని అడిగితే ఆయన ఒప్పుకోలేదు. “సంక్రాంతి పోయినాక రండి సార్. దొరువు నిండా నీళ్లుంటయ్, పడవలు పోతా ఉంటయ్. వీధిలో మీరు తప్ప ఎవురూ ఉండరు,” అన్నారు. పిల్లలకు అప్పుడు సెలవులు ఉండవని చెప్పాను. ఆయన దొరువు వైపు చూసి, జనవరి చివరి శని, ఆదివారాలకు మా పేరు రాసుకున్నారు.