టెక్సస్‌లో మోసపోయిన కొనుగోలుదారుకు ఏది మేలు: ఫిర్యాదా, దావానా?

మోసపూరిత వ్యాపార పద్ధతులపై టెక్సస్ రాష్ట్రం 1973లో చేసిన చట్టాన్ని అక్కడ డీటీపీఏ అంటారు. మోసపోయిన కొనుగోలుదారు రాష్ట్ర ప్రభుత్వ ముఖ్య న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, లేదా ఆ చట్టం కింద తానే దావా వేయవచ్చు. ఖర్చు లేకుండా ఆన్‌లైన్‌లో ఫారం నింపితే సరిపోతుంది కనుక, డాలస్ పరిసరాల్లోని మన తెలుగువారికి మొదటిదే సులువుగా తోచడం సహజం. అయితే అటార్నీ జనరల్ ఫిర్యాదుదారు తరఫు లాయరు కాదు. ఆ కార్యాలయం కోర్టుకెక్కితే ఆ వ్యాపార పద్ధతిని ఆపించగలదు, జరిమానా వేయించగలదు, బాధితులకు సొమ్ము తిరిగి ఇప్పించమనీ కోరగలదు. కానీ ఒక్కరి ఫిర్యాదు మీద కేసు నడుస్తుందన్న హామీ ఏదీ లేదు.

దావా సంగతి వేరు. ఓడోమీటర్‌ను, అంటే తిరిగిన మైళ్లు చూపే మీటరును, వెనక్కి తిప్పి అమ్మిన పాత కారునే తీసుకుందాం. చట్టంలోని మోసాల జాబితాలో ఆ పని విడిగా పేర్కొని ఉంది. 14,000 డాలర్లకు కొన్న కారు నిజానికి 9,500 మాత్రమే చేస్తుందనుకుంటే నష్టం 4,500. తెలిసే మోసగించారని రుజువైతే కోర్టు మూడు రెట్ల వరకు, అంటే 13,500 దాకా ఇప్పించవచ్చు, గెలిచినవారి లాయరు ఫీజు కూడా అవతలివారే కట్టాలి. మొత్తం 20,000 డాలర్లు దాటని దావాను చిన్న దావాలు విచారించే జస్టిస్ కోర్టులో లాయరు లేకుండానే నడుపుకోవచ్చు.

దావాకు కనీసం 60 రోజుల ముందు అమ్మినవారికి రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అసలు బలమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. అందులో ఆవేశం అక్కరలేదు: పాత సర్వీసు రికార్డులోని రీడింగును, అమ్మకం నాటి కాగితంలోని రీడింగును తేదీలతో పక్కపక్కన చూపి, నష్టం ఎంతో అంకెలో రాయాలి. నోటీసుకు జవాబుగా వచ్చిన న్యాయమైన రాజీ ప్రతిపాదనను తోసిపుచ్చితే, తరువాత కోర్టులో దక్కేది తగ్గిపోవచ్చు. పస లేని దావా అని తేలితే ఎదుటివారి లాయరు ఖర్చు మన మీదే పడుతుంది. వృత్తి నిపుణుల సలహాలకు ఈ చట్టం చాలావరకు వర్తించదు.

తలా నాలుగైదు డాలర్ల చొప్పున వేలమంది దగ్గర లాగిన చోట అటార్నీ జనరలే దిక్కు. వేల డాలర్లు పోగొట్టుకున్నవారికి మాత్రం నోటీసే మేలు. ఫిర్యాదును దానితోపాటు పంపవచ్చు గానీ, దాని జవాబు కోసం కూర్చోకూడదు, ఎందుకంటే దావాకున్న రెండేళ్ల గడువు ఫిర్యాదు చేసినంత మాత్రాన ఆగదు.