బంతి కనిపించదేమో: ప్రొవిజనల్ కొట్టాలా, ముందుకెళ్లి డ్రాప్ చేయాలా?

గోల్ఫ్‌లో టీ షాట్ (ఆట మొదలుపెట్టే చోటు, అంటే టీ నుంచి కొట్టే మొదటి షాట్) పొదల్లోకో హద్దు అవతలికో పోయిందనిపిస్తే ఈ ప్రశ్న వస్తుంది. ప్రొవిజనల్ అంటే మొదటిది దొరక్కపోతే వాడుకోవడానికి అక్కడి నుంచే ముందుగా కొట్టి ఉంచే రెండో బంతి. డ్రాప్ అంటే టీకి తిరిగి వెళ్లకుండా బంతిని చేత్తో కింద వదిలి అక్కణ్ణుంచి ఆడటం.

పెనాల్టీ: మొదటి బంతి పోతే ప్రొవిజనల్‌కి ఒక స్ట్రోకే (స్కోరులో కలిపే ఒక దెబ్బ), కానీ టీ నుంచే మూడో షాట్. లోకల్ రూల్ ఈ-5 (కోర్సు కమిటీ అమలుచేస్తేనే వర్తించే నియమం) డ్రాప్‌కి రెండు. ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) మీంచి నాలుగో షాట్.

సమయం: ప్రొవిజనల్‌కి ఒక్క నిమిషం చాలు. డ్రాప్‌కి అదీ అక్కర్లేదు. రెండూ లేకపోతే మళ్లీ టీకి నడవాలి. వెనక గుంపు మొత్తం ఆగిపోతుంది, అది నిజంగా అన్యాయం.

ప్రమాదం: ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. "ఇంకోటి కొడతా" అంటే చాలదు, "ప్రొవిజనల్" అనే మాటో, అదేనని స్పష్టంగా తెలిసే మాటో వినపడేలా చెప్పాలి. లేదంటే కొట్టగానే ఆ రెండో బంతే ఆటలోకి వచ్చేస్తుంది, మొదటిది దొరికినా పనికిరాదు. ప్రొవిజనల్ కొట్టాక మొదటిది పోతే ఈ-5 వాడకూడదు. వెతకడానికి గడువు 3 నిమిషాలే. 2019కి ముందు 5 ఉండేది.

ఈ-5 డ్రాప్: బంతి పోయిన చోటు అంచనా వేసి, దానికి దగ్గర్లోని ఫెయిర్‌వే అంచు చూసుకుని, లోపలికి రెండు క్లబ్ (గోల్ఫ్ కర్ర) పొడవుల దాకా వేయొచ్చు, హోల్‌కి (బంతి చేరాల్సిన గుంతకి) మాత్రం దగ్గరవకూడదు.

టీ మీదే అనుమానమొస్తే, డ్రైవర్ (దూరం కొట్టే కర్ర) బాగా పడుతుంటే ప్రొవిజనల్. వెతికాకే పోయిందని తెలిస్తే, కమిటీ ఈ-5 అమలుచేసి ఉంటే డ్రాప్. బంతి పడింది పెనాల్టీ ఏరియాలోనే (చెరువు, వాగు లాంటి చోట) అని తెలిస్తే ప్రొవిజనల్‌కి అనుమతే లేదు.