గుంతలు తీసే ఆగర్ కొన్నా: నెల వాడాక నా మాట, కాస్త దాని పేరు కథ

కంచె స్తంభాలకి గుంతలు తీసే మనుషులు దొరక్క, దొరికినా రేపొస్తాం ఎల్లుండొస్తాం అని తిప్పుతుంటే విసుగొచ్చి, పోయిన నెల ఆన్‌లైన్‌లో ఎర్త్ ఆగర్ కొనేశాను. 52 సీసీ టూ స్ట్రోక్ పెట్రోల్ ఇంజను, దాంతోపాటు 4 అంగుళాలది, 8 అంగుళాలది రెండు బిట్లు, అంటే నేలలోకి తిరుగుతూ దిగే మరలు. కంపెనీ పేరు చెప్పను. నేను చూసినవన్నీ ఒకే పోలికలో ఉన్నాయి, స్టిక్కరే తేడా.

ముందు మంచి చెప్తా. ముందురోజు సాయంత్రం తడిపి పెట్టిన ఎర్రనేలలో రెండడుగుల గుంత నిమిషంలో అయిపోతుంది. గునపంతో అదే గుంతకి నాకు అరగంట, ఆపైన రాత్రంతా నడుం నొప్పి. నల్లరేగడి తడిగా ఉంటే మాత్రం మట్టి బిట్టుకి బంకలా పట్టేస్తుంది, ప్రతి గుంతకీ ఆపి కర్రతో గోకాలి. ఇక రాళ్ల నేల అయితే దీని జోలికి పోకండి. రాయో లావుపాటి వేరో తగిలిందంటే బిట్టు అక్కడే బిగుసుకుని, హ్యాండిల్ గిర్రున మన మీదకి తిరుగుతుంది, నా కుడి మోచేతి మీద మచ్చ ఇంకా మానలేదు. ఒక్కడే పట్టుకోవచ్చని బొమ్మలో చూపించారు గానీ ఇద్దరు ఉండాల్సిందే.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. బంకమట్టిలో బిట్టు తిరిగి తిరిగి గుంత గోడని కుండకి మెరుగు పెట్టినట్టు నున్నగా చేసేస్తుంది. స్తంభానికైతే ఫర్వాలేదు, మొక్కకైతే వేళ్లు ఆ గోడలోకి దూరలేక గుంతలోనే చుట్టూ తిరుగుతాయి. నాటేముందు పలుగుతో గోడల్ని నాలుగుపక్కలా గీరండి. మామిడికి మూడడుగుల వెడల్పు గుంత కావాలంటే దీనితో కాదు, అది మామూలు పారపనే.

మొదటిరోజు చప్పుడు విని పక్కింటి వడ్రంగి తాత వచ్చాడు. బిట్టు మర వంక కాసేపు చూసి, "ఇదేంటయ్యా, మా బరమానే గదా, దున్నపోతంత చేశారు" అన్నాడు. నిజంగానే అంతే, బరమా అంటే చెక్కకి బెజ్జం పెట్టే సాధనం. ఆగర్ అంటే మొదట వడ్రంగి చేతి పనిముట్టు. పాత ఇంగ్లీషులో దాని పేరు నఫొగార్. నఫు అంటే బండి చక్రం మధ్యలో ఇరుసు దూరే దిమ్మ, గార్ అంటే బల్లెం. చక్రం దిమ్మకి బెజ్జం పెట్టే బల్లెం అన్నమాట. ఆ నఫు మన నాభికి చుట్టమే. సంస్కృతంలో నాభి అంటే బొడ్డూ అవుతుంది, చక్రం నడుమ దిమ్మా అవుతుంది. రెండో ముక్క గార్ అయితే ఇంగ్లీషువాళ్ల వంటింట్లోనే ఉంది: వెల్లుల్లిని వాళ్లు గార్లిక్ అనేది అందుకే, బల్లెం లాంటి ఉల్లి అని.

మరి ముందున్న న ఏమైంది? నఫొగార్ అరిగి నాగర్ అయ్యాక, మధ్యయుగాల్లో "ఎ నాగర్" (ఒక నాగర్) అన్నది జనం చెవికి "ఎన్ ఆగర్" అని వినబడి అలాగే స్థిరపడిపోయింది. బళ్లో మనం సంధి తప్పు విడదీస్తే మార్కు పోయేది, వీళ్లకి ఏకంగా పదమే మారిపోయింది! డచ్చివాళ్లూ ఇదే తప్పు చేశారు, వాళ్ల పనిముట్టు పేరులోనూ మొదటి న ఎగిరిపోయింది. మన నారింజ కూడా పడమటికి పోయి ఇలాగే తల పోగొట్టుకుంది, కాకపోతే ఇంగ్లీషు చేరకముందే, ఇటలీ ఫ్రాన్సుల దారిలో. ఇప్పుడు ఆరెంజ్ అని తిరిగొచ్చి జ్యూస్ బండి మీద కూర్చుంది.

మనలో చాలామంది ఆగర్ అన్న మాట మొదటిసారి విన్నది 2023 నవంబరులో టీవీలోనే అనుకుంటా, ఉత్తరకాశి దగ్గర సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కూలీలు చిక్కుకున్నప్పుడు. అక్కడ మట్టిలోంచి పైపు నెట్టడానికి తెచ్చిన పెద్ద ఆగర్ శిథిలాల్లోని ఇనుముకి తగిలి విరిగి పైపులోనే ఇరుక్కుపోతే, దాన్ని కోయడానికి ప్లాస్మా కట్టర్ మన హైదరాబాద్ నుంచి వెళ్లింది. చివరి కొన్ని మీటర్లు మనుషులే చేత్తో తవ్వి, 28న అందరినీ బయటికి తెచ్చారు. అంత మెషినే ఇనుము తగిలి ఆగిపోయాక, నా 52 సీసీది రాయి దగ్గర మొండికేసిందని తిట్టడం మానేశాను.

పేరు ఇంకా దూరం పోయింది. వరికోత మిషన్ నుంచి ట్రాక్టర్‌లోకి ధాన్యం పోసే గొట్టం ఉంది చూడండి, దాని లోపల తిరిగే మర కూడా ఆగరే. అది ఒక్క బెజ్జమూ పెట్టదు, గింజల్ని తోసుకుపోతుందంతే. ఒకప్పుడు చేసే పనిని బట్టి వచ్చిన పేరు ఇప్పుడు ఆకారానికి అతుక్కుంది.

సరే, డబ్బు సంగతి. పెట్రోల్లో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకి వాడే నూనె) కలపడం మర్చిపోతే ఇంజను పట్టేస్తుంది, పుస్తకంలో రాసిన కొలత ప్రకారమే పోయండి. నాకు రెండోరోజే స్టార్టర్ తాడు పిడి విరిగింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "అది వారంటీలో రాదు సార్" అని పెట్టేశారు. కంచె పని ఉన్నవాళ్లు, బొప్పాయి, టేకు వేసేవాళ్లు కొనండి, అరెకరానికి మాత్రం అద్దెకి తెచ్చుకోండి. ఆ పిడి సంగతంటారా, తాత ఒక టేకు ముక్క తీసుకుని, తన చేతి బరమాతో దానికి బెజ్జం పెట్టి, తాడు దూర్చి ముడేసి ఇచ్చాడు. ఇప్పటిదాకా కదల్లేదు.